గోలీల కాగితం

వరంగల్ స్టేషన్‌కు దగ్గర్లో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్‌లో నేను తెలుగు టైపు చేస్తాను. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, కొత్తగా తెరిచిన కిరాణా దుకాణాల కరపత్రాలు, సీజన్ వస్తే ఎనుమాముల మార్కెట్ దారి పొడవునా అతికించే మిర్చి విత్తనాల పోస్టర్లు, అన్నీ నా వేళ్ల కింది నుంచే పోతాయి. ప్రూఫు దిద్దడంలో నాకు పేరుంది. ఎక్కడ ఒక ఒత్తు జారినా, ఇంటిపేరులో ఒక దీర్ఘం తగ్గినా, వెతక్కుండానే కన్ను అక్కడికి పోయి ఆగుతుంది. కాశిబుగ్గలో మా పుట్టింట్లో మగ్గం మీద దారం తెగితే మా అమ్మ చెయ్యి దానంతటదే అక్కడికి పోయేది. నాది కూడా అలాంటి అలవాటే అనుకుంటాను.

ముప్పై ఏళ్లు దాటాక నాకు జబ్బు చేసింది. మొదట నిద్ర తగ్గింది. దానికి నేను బాధపడలేదు, పైగా సంతోషపడ్డాను. ప్రెస్‌లో ఇద్దరి పని ఒక్కదాన్నే చేశాను. వచ్చిన గిరాకీని కూర్చోబెట్టి గలగలా మాట్లాడాను. ఎవరిదో పెళ్లి పత్రికలో, వాళ్లు అడక్కుండానే, నేను కట్టిన పద్యాలు రెండు పేజీల నిండా చేర్చాను. ఆ పత్రికలు అచ్చయి వాళ్ల చుట్టాల ఇళ్లకు కూడా చేరాయి. తర్వాత చౌరస్తాలో నిలబడి వచ్చేపోయే ఆటోలను ఆపి, ఈ ఊరి బోర్డుల మీదున్న తప్పులన్నీ నేనే దిద్దుతానని చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు మా ఆయన తన ట్రాలీ ఆటోలోనే నన్ను పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ దాన్ని బైపోలార్ అంది. మనసు కొన్నాళ్లు మిద్దె మీదికెక్కి, కొన్నాళ్లు బావిలోకి దిగే జబ్బు అని మా ఆయనకు విడమరిచి చెప్పింది. లిథియం అనే గోలీలు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు నేను నేలమీదికి వచ్చాను. ఇంటికి పంపేటప్పుడు గోలీల కవరుతో పాటు ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో ఉన్నట్టు నడుచుకోమన్నారు.

మా ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. ఇంటికి రాగానే గడప మీద కూర్చుని ఆ కాగితం విప్పి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. అందులో ఇలా ఉంది: "ఈ ఔషధ సేవన కాలమునందు దేహమందలి జల, లవణ సమతౌల్యమును పరిరక్షించుకొనవలెను. వమనము, విరేచనములు, హస్తకంపనము, అస్పష్ట వాక్కు మున్నగు విషలక్షణములు గోచరించినచో వైద్యుని సంప్రదించక ఔషధమును కొనసాగించరాదు."

"ఇండ్ల విషమని రాసిన్రే," అన్నాడు తల ఎత్తి. "విషలక్షణములు అంటె ఏంది? ఈ గోలీల విషమున్నదనే గద?"

నేను గోలీల కవరు వైపు చూశాను.

"నీకు అచ్చరాలల్ల పేరున్నది. జర నువ్వు చూడు," అని కాగితం నా చేతికిచ్చాడు.

చూశాను. మొదటి వాక్యం చివరికి చేరేసరికి దాని మొదలు జారిపోయింది. మళ్లీ మొదటికి వస్తే చివర అందలేదు. మందుల వల్ల చూపు మసకగా ఉంది. వరుసలు దగ్గరదగ్గరగా ఉండడంతో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులలోకి దిగి నల్లటి మరకల్లా కనిపించాయి. కాగితం పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతోంది. నా పొట్టకూటి విద్య నా కళ్లముందే నన్ను వదిలేసిందని అనిపించింది.

"నాకు సమజైతలేదు," అన్నాను.

అంతే. ఆయన ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గోలీల కవరును బీరువా పైన, నా చెయ్యి అందని చోట పెట్టాడు. పెళ్లాన్ని తన చేతులతో విషం మింగించే మనిషి కాదాయన. దానికి బదులు పొద్దునా సాయంత్రం గ్లాసు నిండా మజ్జిగ తాపించాడు, కూరగాయలు తెచ్చాడు, ప్రెస్‌కు తానే దింపి తానే తీసుకొచ్చాడు. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఆ తర్వాత నేను మళ్లీ మిద్దె ఎక్కాను. ఈసారి ఇంకా ఎత్తుకు పోయాను. దిగిరావడం కూడా అంత కష్టమైంది.

రెండోసారి వార్డులో చేర్చాక, నేను కాస్త తెలివిలోకి వచ్చిన పూట, డాక్టరమ్మ మా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నాకంటే చిన్నది, కరీంనగర్ వైపు మనిషి.

"అన్నా, గోలీలు ఎందుకు ఆపిన్రు?" అని అడిగింది.

మా ఆయన తల దించుకుని చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. చెమటకు మెత్తబడి, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. "మీరే రాసిన్రు గద మేడం, విషమని," అన్నాడు.

ఆమె కాగితం అందుకుని పైకి చదవసాగింది. "సమతౌల్యము" దగ్గర ఒకసారి ఆగింది. చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత కాగితాన్ని ఒడిలో పెట్టుకుంది.

"నాకే నోరు తిరుగుతలేదన్నా," అంది. "ఎప్పుడో ఎవరో ఇంగ్లిష్ కాగితం ముందర పెట్టుకొని మార్చి రాసినట్టున్నరు. మేము రోజు చేతిల పెడ్తనే ఉన్నం. దీన్ని చదివి మీరు చేసిందాంట్ల తప్పేం లేదు. విషమని కనబడితే నేనైనా ఆపుత."

అప్పటిదాకా తనను తానే తిట్టుకుంటూ తిరిగిన మా ఆయన, ఆ మాట విని తువ్వాలతో మొహం తుడుచుకుని చాయ్ తెస్తానంటూ బయటికి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ నడకలో బరువు లేదు.

మందు మళ్లీ మొదలైంది. ఈసారి ఆయన రోజూ తానే గోలీ తీసి నా చేతిలో పెట్టాడు. చలికాలం వచ్చేసరికి ప్రెస్‌కు పోతున్నాను. అక్షరాలు కూడా ఒక్కొక్కటిగా వాటి చోటికి వచ్చాయి. ఒకరోజు పెళ్లి పత్రికలో "శుభముహుర్తం" అని ఉంటే, హు దగ్గర కన్ను ఆగింది. దీర్ఘం పెట్టి, కాసేపు ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. అంత ఆనందం నాకు పద్యాలు కట్టిన రోజుల్లో కూడా కలగలేదు.

ఆ తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ, "ఏం పని చేస్తరమ్మా మీరు?" అని అడిగింది. చెప్పాను. ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. సొరుగు తెరిచి అదే కాగితం కొత్తది ఒకటి తీసి నా ముందు పెట్టింది.

"దీన్ని మార్చి రాస్తరా? మందు గురించి ఏది నిజమో నేను చెప్త. అది చదివెటోళ్లకు ఎట్ల తెల్వాల్నో మీరు చూడుండ్రి."

నాకు ముందు భయమేసింది. నేను పేషెంటును, ఇది డాక్టర్లు చేసే పని అన్నాను.

"ఈ కాగితం చదవలేక ఎంత అవస్థ అయితదో మీకు తెల్సు. టైపు చేసుడు తెల్సు. ఈ రెండు కలిసినోళ్లు నాకు మళ్ల ఎక్కడ దొరుకుతరు?" అంది నవ్వుతూ.

ఇంటికొచ్చి రాశాను. మా ఆయనకు వినిపించాను. బాగుందన్నాడు. పాతదాని పక్కన పెడితే నాది పాలు తాగినంత సులువుగా ఉందని నేనూ మురిసిపోయాను. మంగళవారం నాడు డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె మందుల సంగతులు రెండు సరిచేసి, "బయట హాల్ల కూసున్నోళ్లతోని చదివించుండ్రి. చదివినంక, వాళ్ల మాటలల్ల మళ్ల చెప్పమనుండ్రి. అప్పుడు తెలుస్తది," అంది.

ఓపీ హాలు ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంది. పిలుపు కోసం చెవులు నిక్కబొడుచుకున్న వాళ్లు, టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకున్న వాళ్లు, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్న వాళ్లు. ఒక బెంచీ చివర నాకంటే పెద్దావిడ ఒకామె, పక్కన తన పెనిమిటి, కూర్చుని ఉన్నారు. నర్సంపేట దగ్గరి పల్లె వాళ్లు. కౌలుకు పొలం తీసుకుని పత్తి, మిర్చి పెడతారట. ఆయనకు కూడా లిథియమే రాశారు. ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడం నచ్చక, పెద్దయ్యాక పట్టుబట్టి చదవడం నేర్చుకుందట.

కాగితం చేతికిస్తే, చూపుడువేలు పెట్టి అక్షరం అక్షరం పట్టుకుంటూ చదివింది. "దుష్ప్రభావాలు" దగ్గర వేలు ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించి దాన్ని దాటేసింది. చదవడం అయ్యాక, "ఏమున్నదక్కా అండ్ల?" అని అడిగాను.

"మంచిగనే ఉన్నది. మందు ఏస్కోమన్నరు. నీళ్లు తాగుమన్నరు. డాక్టరు సంప్రదాయం పాటించుమన్నరు."

"సంప్రదాయమా?"

"గీడ ఉన్నది గద, సంప్రదించండి అని."

నాకు నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి. "అండ్ల తగినన్ని నీళ్లు అని ఉన్నది గద, అంటె ఎన్ని తాగాలక్కా?" అన్నాను.

"తగినన్ని అంటె దూప తీరేటన్ని. దూప కాకపోతె ఎందుకు తాగుడు?" అని కాగితం తిరిగి ఇచ్చేస్తూ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏమనుకోకు చెల్లె. రాసెటోళ్లు రాస్తనే ఉంటరు. గీ గోలీ ఏస్కుంటె నోరు ఎట్ల ఎండుతదో, చెయ్యి ఎట్ల వణుకుతదో మా ఇంటాయనకు ఎర్క. నువ్వేమన్న ఏస్కుంటవా ఏంది?"

చుట్టుపక్కల వాళ్లు మా వైపు తిరిగారు. వాళ్లలో కాశిబుగ్గ మొహాలు కూడా ఉన్నాయి. ప్రెస్‌లో నా జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. టైఫాయిడ్ అని చెప్పుకున్నాం. అబద్ధం చెప్పి లేచిపోవచ్చు. కానీ ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఏస్కుంటనక్కా," అన్నాను. "రోజు ఏస్కుంట. మధ్యల ఆపితె మళ్ల తెచ్చి గిదే దవాఖానల ఏసిన్రు."

ఆమె తన చేతిసంచీని కింద పెట్టి, పెనిమిటిని పక్కకు జరగమని, బెంచీ మీద నాకు చోటు చేసింది. "కూసో. ఎక్కడెక్కడ మార్చాల్నో చెప్త," అంది.

ఆ చలికాలమంతా మంగళవారాలు అలాగే గడిచాయి. ప్రెస్ ఓనర్‌కు నిజం చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నాకు ఆ పద్యాలప్పుడే అనుమానమొచ్చిందమ్మా," అని నవ్వి, మంగళవారం పొద్దుటి పూట సెలవిచ్చాడు. ఆ అక్క నెలనెలా పెనిమిటిని తీసుకుని వచ్చేది. మిగతా వారాల్లో వేరేవాళ్లు దొరికేవాళ్లు. ప్రతిసారీ ఏదో ఒక మాట విరిగేది, ఇంకో మాట నిలబడేది.

"తిన్న తర్వాత వేసుకోవాలి" అని రాస్తే, ఆ అక్క పెనిమిటి మెల్లగా నోరు విప్పి, "శనివారం నేను ఒక్కపొద్దు ఉంట. ఆనాడు తినను. గోలీ సుత ఏస్కోను," అన్నాడు. నేను రాసిన మాటను ఆయన తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ఆ వాక్యం తీసేసి, "అన్నం తినని రోజు కూడా వేసుకోండి" అని రాశాం. "డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదు" అన్నదాన్ని సగం మంది ఆపమన్నట్టే తిరిగి చెప్పారు. వద్దులు రెండు ఒకేచోట ఉంటే, అలసిన మనిషి ఒకదాన్ని జారవిడుస్తాడు. నాకూ అలాగే జారింది కదా. దాన్ని "గోలీ ఆపాలనిపిస్తే ముందు మా దగ్గరికి రండి" అని మార్చాను. అందరూ అందుకున్నారు.

అన్నిటికంటే గట్టి చిక్కు వణుకుతో వచ్చింది. ఈ మందుతో చెయ్యి సన్నగా వణకడం మామూలే. ఒంట్లో మందు మితిమీరినా చెయ్యి వణుకుతుంది. మొదటి వణుకుకు భయపడి గోలీ ఆపితే జబ్బు తిరగబెడుతుంది. రెండో వణుకును పట్టించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండూ ఒకే కాగితంలో ఎలా చెప్పాలని డాక్టరమ్మ, నేను తలలు పట్టుకున్నాం. బెంచీ మీది అక్కనే అడిగాం.

"నీళ్ల గిలాస చేతికియ్యి," అంది ఆమె. "నీళ్లు ఒలకకుంటె ఫికర్ లేదు. ఒలికినయంటె దవాఖానకు ఉరుకుడే."

డాక్టరమ్మ వెంటనే రాసుకుంది. "తూలుడు కూడ రాయుండ్రి," అని తన వైపు నుంచి చేర్చింది. "మాట ముద్దగ వచ్చి, తూలుకుంట నడిస్తె ఇంట్లోళ్లు తాగిండనుకుంటరు. ఇక్కడికి తెచ్చేసరికి ఆలస్యమైతది." ఒళ్లు నొప్పుల గోలీల సంగతి కూడా ఆమే పట్టుబట్టి పైకి తెచ్చింది. పొలం పనివాళ్లు నొప్పులకు ఏదో ఒక గోలీ మింగుతూనే ఉంటారు. లిథియంతో కలిస్తే వాటిలో కొన్ని ప్రమాదం.

ఇక అచ్చు సంగతి నాది. అక్షరాన్ని పెద్దది చేశాను. ఒత్తు ఊపిరి తీసుకునేలా వరుసకూ వరుసకూ మధ్య చోటు వదిలాను. ఒక వరుసలో ఒకే సంగతి. మాట సగంలో విరిగి కింది వరుసకు పోకుండా చూశాను. మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన మాట ఏదైనా సరే బయటికి పంపేశాను. చివరికి కాగితం ఇలా తయారైంది:

"మీకు ఇచ్చిన గోలీ పేరు లిథియం. ఇది మనసును నిలకడగా ఉంచుతుంది.

రోజూ వేసుకోండి. అన్నం తినని రోజు కూడా వేసుకోండి.

గోలీ ఆపాలనిపిస్తే ముందు మా దగ్గరికి రండి.

దూప కాకపోయినా నీళ్లు తాగండి. ఎండలో పని చేసే రోజు ఇంకా ఎక్కువ తాగండి. కూరలో ఉప్పు ఎప్పటిలాగే వేసుకోండి.

చెయ్యి సన్నగా వణికితే భయం లేదు. గ్లాసులో నీళ్లు ఒలికేంత వణికితే, వాంతులు విరేచనాలు అయితే, తాగిన మనిషిలా తూలితే, మాట ముద్దగా వస్తే, ఆ పూట గోలీ వేసుకోకండి. వెంటనే దవాఖానకు రండి. ఈ కాగితం చూపించండి.

ఒళ్లు నొప్పులకు గోలీ గానీ సూది గానీ ఇచ్చేవాళ్లకు ముందే చెప్పండి: నేను లిథియం వేసుకుంటున్నాను."

పెద్ద డాక్టరుగారు సంతకం పెట్టాల్సి ఉండింది. కాగితాన్ని దూరంగా, దగ్గరగా పెట్టి చూశారు. "దీన్ని చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని చెప్తున్నట్టుంది. దవాఖాన కాగితంలా లేదు," అన్నారు. ఆయన మళ్లీ మొదటినుంచి చదివి, "అదే కదా కావాల్సింది," అని పెన్ను తీశారు.

మా ప్రెస్‌లోనే అచ్చయింది. మొదటి కాగితం మిషన్‌లోంచి వెచ్చగా బయటికి వచ్చినప్పుడు దాన్ని మా ఆయన కోసం దాచాను. సాయంత్రం ఆయన ఎనుమాములలో మిర్చి బస్తాలు దించి, ఒళ్లంతా ఘాటు వాసనతో వచ్చాడు. తుమ్ముతూనే కాగితం అందుకుని మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా చదివాడు. "ఇండ్ల నాకు తెల్వని మాట ఒక్కటి లేదు," అని ఇంకోసారి, ఈసారి గొంతు పెంచి, పక్కింటివాళ్లకు వినిపించేలా చదివాడు.

ఎండలు ముదిరాక ఒక మంగళవారం కొత్త కట్ట పట్టుకుని ఓపీకి పోతే, డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని వార్డులోకి తీసుకుపోయింది. అక్కడ మంచం మీద ఆ నర్సంపేట వైపు అక్క పెనిమిటి దిండుకు ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. బక్కచిక్కాడు, కానీ ముద్ద తిన్నగా నోటికి పోతోంది. అక్క నన్ను చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆ మాటా ఈ మాటా కలిపి జరిగింది చెప్పింది.

మిర్చి ఏరే రోజుల్లో ఆయనకు నడుం పట్టేసిందట. ఆమె కూలికి పోయిన పూటల్లో, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పుల గోలీలు తెచ్చుకుని చెప్పకుండా మింగాడు. దానికి తోడు ఎండదెబ్బ, విరేచనాలు. ఒకరోజు పొలం నుంచి తూలుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మాట ముద్దగా వస్తోంది. బావలు, వాడకట్టు వాళ్లు చేరి, తాగి పడ్డాడని తేల్చేశారు. పండుకుంటే దిగుతుందన్నారు. ఆర్ఎంపీ వచ్చి నడుంనొప్పికి సూది తీశాడు.

"నేను ఒక్కటే పని చేసిన," అంది అక్క. "గిలాసల నీళ్లు పోసి ఆయన చేతికిచ్చిన. నీళ్లన్ని అంగీ మీదనే పడ్డయి. ఇగ నాకు అర్థమైంది. దేవుని పటం ఎనుక పెట్టిన కాయితం తీసి, అందరు చూస్తుండంగ సదివిన. పెద్దగ సదివిన. తాగిన మనిషి లెక్క తూలితె, మాట ముద్దగ వస్తె, దవాఖానకు పోవాలె అని ఉన్నది, గిది దవాఖానోళ్లు రాసింది, ఎవ్వలు అడ్డమొస్తరో రాండ్రి అన్న. ఆర్ఎంపీ సారు కాయితం అడిగి తీస్కొని సదివి, సూది సంచిల పెట్టి, తనే ఆటో పిలిచిండు."

నర్సంపేటలో సెలైన్ పెట్టించుకుని నేరుగా ఇక్కడికి వచ్చారు. డ్యూటీ డాక్టరు ఏమైందని అడిగితే, అక్క కాగితం మీద వేలు పెట్టి, జరిగిన వాటిని ఒక్కొక్కటిగా చూపించిందట. రక్తపరీక్షలో మందు బాగా మితిమీరిందని తేలింది. ఇంకో పూట ఇంట్లో ఉంచితే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ నాతో అంది.

నేను ఆయన మంచం అంచున కూర్చున్నాను. "ఇడ్లీ మంచిగున్నదా అన్నా?" అన్నాను.

"ఉప్పు తక్కువైంది," అన్నాడాయన. నలుగురమూ పగలబడి నవ్వాం. నర్సు వచ్చి ఏమైందని అడిగేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆరోజు ఓపీ మొదలయ్యే ముందు డాక్టరమ్మ మైకు తీసుకుంది. పేర్లు పిలిచే మైకు అది. దాన్ని అక్క చేతికిచ్చి, "మీ ఇంట్ల చదివినట్టే ఇక్కడ కూడ చదువుండ్రి," అంది. అక్క కొంగు సరిచేసుకుంది. మైకును నోటికి మరీ దగ్గరగా పెట్టుకోవడంతో హాలంతా గుయ్యిమంది. జనం ఉలిక్కిపడి అటు తిరిగారు. ఆమె తడబడలేదు. చూపుడువేలు అక్షరాల కింద నడుస్తుండగా కాగితం మొత్తం చదివింది. నీళ్లు ఒలికే మాట దగ్గరికి వచ్చాక తలెత్తి, "గిది నేను చెప్పిందే," అంది. హాలు ఘొల్లున నవ్వింది. చదవడం అయ్యాక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ హాల్లో నేను ఏడుపులు విన్నాను, తిట్లు విన్నాను, నిట్టూర్పులు విన్నాను. చప్పట్లు వినడం అదే మొదటిసారి. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చునే మనుషులు కూడా కళ్లు తెరిచి చేతులు కలిపారు. నేను కట్ట విప్పి కాగితాలు పంచాను. అడిగి మరీ తీసుకున్నారు. చదవడం రానివాళ్లు, ఇంటి పక్కన చదివేవాళ్లున్నారని చెప్పి తీసుకున్నారు.

ఇప్పుడు మేం రెండో కాగితం రాస్తున్నాం. చెవుల్లో ఎవరివో మాటలు వినిపించే జబ్బుకు వాడే మందు గురించి. మొన్న మంగళవారం నేను రాసుకొచ్చిన మొదటి వాక్యం "లేని మాటలు వినిపించడం తగ్గుతుంది" అని. హన్మకొండ నుంచి వచ్చే ఒక డిగ్రీ కుర్రాడు, ఆ మందు వాడుతున్నవాడే, చదివి తల అడ్డంగా ఊపాడు.

"లేని మాటలు అంటె నేను ఒప్పుకోను మేడం," అన్నాడు. "నాకైతె వినబడ్తున్నయి గద. లేనియి ఎట్లైతయి? ఈ లైను చదవంగనే కాగితం పక్కకు పెడ్త."

"మరి ఎట్ల రాద్దాం?" అంది డాక్టరమ్మ.

అతను ఆలోచించాడు. "వేరేవాళ్లకు వినబడని మాటలు అని రాయుండ్రి. అది నిజం."

వెనక బెంచీ నుంచి ఒక పెద్దమ్మ, అట్లా కాదు, "ఎంటపడే మాటలు" అనాలంది. ఇంకొకరు "సతాయించే మాటలు" అన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఓపీ మొదలుకావాల్సిన సమయం దాటిపోయింది. డాక్టరమ్మ గోడ గడియారం వైపు ఒకసారి చూసి, స్టూలు లాక్కుని వాళ్ల మధ్యే కూర్చుంది. "ఒక్కొక్కరు చెప్పుండ్రి, ఈమె రాసుకుంటది," అని నా వైపు చూపించింది. నేను పెన్ను మూత తీశాను.